ఇరవై నిమిషాల పరీక్ష



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినవారు "పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకోవడం ఎలా" అనే విషయం సూచించారు. దాని మీద రాయడానికి మాకంటే మంచి మార్కులు వచ్చినవాళ్లు మన హాస్టల్లోనే చాలామంది ఉన్నారు. మేం వేరే రకం పరీక్ష గురించి రాస్తున్నాం. ప్రాణం మీదికి వచ్చిన మనిషి ఎదురుగా ఉన్నప్పుడు, సగం సంగతులే తెలిసిన స్థితిలో, గడియారం తిరుగుతుండగా ఏం చేయాలో తేల్చుకోగలరా లేదా అని డాక్టర్లను, నర్సులను, అంబులెన్సు సిబ్బందిని పరీక్షించడం ఎలా? ఇదీ మా విషయం.

మేము అంటే ఒకే బ్యాచి వాళ్లం ముగ్గురం. ఒకడు నర్సింగు పూర్తిచేసి ఆసుపత్రి ఉద్యోగంలో ఉన్నాడు. ఒకడు బీజెడ్సీ డిగ్రీతో 108 అంబులెన్సులో చేరాడు. ఈ వ్యాసం రాస్తున్న చెయ్యి నాగార్జున విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం పీజీ చదువుతున్నది. మూడిళ్లలోనూ డిగ్రీ పట్టా అన్నది మాతోనే మొదలైంది. అందుచేత పరీక్ష అంటే మా ఇళ్లలో ఇప్పటికీ భయభక్తులు ఎక్కువే.

అసలు సంగతి తొమ్మిదో తరగతిలో మొదలైంది. వానాకాలం. గదిలో ఉక్కపోత భరించలేక వరండాలో చాపలు పరుచుకుని వరసగా పడుకున్నాం. తెల్లవారుజామున మూడు గంటలప్పుడు పక్కవాడు లేచి కూర్చుని కడుపు నొప్పి అన్నాడు. ఆదివారం కావడంతో రాత్రి కోడికూర రెండోసారి పెట్టించుకున్నాడు గనుక మాకెవరికీ వేరే అనుమానం రాలేదు. వాము నమిలించాం. వేడినీళ్లు తాగించాం. ఒక వాంతి అయింది. "పోయింది, ఇక తగ్గుతుందిలే" అన్నాం. కాసేపటికి వాడి కళ్లు మూతలు పడుతుంటే నిద్ర పట్టిందనుకుని దుప్పటి కూడా కప్పాం.

ఐదింటికి నీళ్లు పట్టడానికి లేచిన పదో తరగతి అన్న ఒకడు వాడి ముఖం చూసి ఆగిపోయాడు. "కళ్లు తెరవరా" అంటే వాడు కనుబొమలు పైకెత్తుతున్నాడేగాని రెప్పలు లేవడం లేదు. మాట ముద్దముద్దగా వస్తోంది. ఆ అన్నే వార్డెను సారును లేపి 108కి ఫోను చేయించాడు. ఆసుపత్రిలో డాక్టరుగారు ఒంటి మీద కాటు కోసం వెతుకుతూ పొద్దుపుచ్చలేదు. మమ్మల్ని అడిగిన మొదటి మాట "ఎక్కడ పడుకున్నాడు, మంచం మీదా, కిందా?" అని. తర్వాత వాడితో "ఒక్క గుక్కలో ఎంతవరకు లెక్కపెట్టగలవో పెట్టు" అన్నారు. వాడు ఏడు దగ్గర ఆగిపోయాడు. విరుగుడు మందు ఎక్కిస్తూనే గుంటూరు పంపించారు. అక్కడ మూడు రోజులు వెంటిలేటరు మీద ఉండి బతికి బయటపడ్డాడు. కట్లపాము కాటు. గాయం ఎక్కడుందో చివరివరకూ ఎవరికీ కనబడలేదు.

ఆ వారంలోనే సైన్సు మాస్టారు పెట్టిన స్లిప్ టెస్టులో "మన ప్రాంతంలోని నాలుగు విషసర్పాలను పేర్కొనుము" అన్న ప్రశ్నకు ఆ వరసలో పడుకున్న వాళ్లందరికీ నాలుక్కి నాలుగు మార్కులు వచ్చాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుందని కూడా రాశాం. అది రాసిన చేతులతోనే దుప్పటి కప్పాం.

ఎందుకిలా జరిగిందని తర్వాత చాలాసార్లు మాట్లాడుకున్నాం. మాకు తోచిన కారణం ఇది. పుస్తకం పాము దగ్గర మొదలుపెట్టి లక్షణాల దగ్గరికి వస్తుంది. "కట్లపాము కరిచిన ఏమగును?" అని అడుగుతుంది. రోగి అలా రాడు. "కడుపు నొప్పి" అంటూ వస్తాడు. పాము పేరు మనమే వెనక్కి నడిచి పట్టుకోవాలి. ఒక దిక్కున నడవడం వచ్చినంత మాత్రాన రెండో దిక్కున నడవడం రాదు. మా స్లిప్ టెస్టు మొదటి దిక్కునే పరీక్షించింది.

వైద్యం చెప్పే గురువులకు ఈ ఇబ్బంది ఎప్పటినుంచో తెలుసు. పాత పద్ధతిలో వైద్య విద్యార్థికి వార్డులో ఒక రోగిని అప్పగిస్తారు. అతను వివరాలన్నీ అడిగి, పరీక్షించి, తర్వాత పరీక్షాధికారి ముందు వల్లిస్తాడు. దీన్ని 'లాంగ్ కేసు' అంటారు. ఇందులో అదృష్టం పాలు ఎక్కువ. పైగా అత్యవసర రోగిని పరీక్ష హాలుకు తేలేం గదా! ఊపిరి ఆడని మనిషిని పక్కన పడుకోబెట్టి "విద్యార్థి ఆలోచిస్తున్నాడు, కాస్త ఆగండి" అనడం కుదరదు. అందువల్ల నిదానంగా ఉన్న రోగుల మీదే నిదానంగా పరీక్ష జరిగేది. అత్యవసర పరిస్థితిలో ఎవరేం చేస్తారన్నది ఉద్యోగంలో చేరాకే తెలిసేది, రోగి ఖర్చు మీద.

1963లో లాస్ ఏంజెలెస్‌లో హోవర్డ్ బారోస్ అనే నరాల వైద్యుడు ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోగి పాత్ర నేర్పించి విద్యార్థుల ముందు కూర్చోబెట్టాడు. నాటకాలాడినవాళ్లం గనుక ఇందులో వింత మనకు కనబడదు. అప్పట్లో మాత్రం పెద్దలు నవ్వారు. అదే దశాబ్దంలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టీన్ మెక్‌గ్వైర్ బృందం కాగితం మీదే రోగిని తయారుచేసింది. రోగి కథ కొంత చెప్పి, తర్వాత ఏం అడుగుతావో, ఏ పరీక్ష చేయిస్తావో ఎంచుకోమంటారు. ఎంచుకున్నదాని పైపూత రబ్బరుతో చెరిపితే లోపల జవాబు కనబడుతుంది. గీకుడు లాటరీ టికెట్టు లాగా అన్నమాట.

ఇక్కడే గమనించదగ్గ విషయం ఒకటి బయటపడింది. ఈ పరీక్షల్లో అనుభవం గల డాక్టర్లకంటే ఇంకా చదువుతున్న వాళ్లకే కొన్నిసార్లు ఎక్కువ మార్కులు వచ్చాయి. కారణం ఏమిటంటే, ఎన్ని పెట్టెలు చెరిపితే అన్ని మార్కులు అన్నట్టుగా ఉండేది లెక్క. విద్యార్థి భయంతో అన్నీ అడిగాడు. అనుభవజ్ఞుడు రెండు ప్రశ్నలడిగి సంగతి గ్రహించి చికిత్స మొదలుపెట్టాడు, మార్కులు పోగొట్టుకున్నాడు. మా స్నేహితుణ్ణి చూసిన డాక్టరుగారు ఆ పరీక్ష రాస్తే తప్పివుండేవారేమో!

ఆ తర్వాత 1978లో ఆర్థర్ ఎల్‌స్టైన్, ఆయన సహచరులు తమ పరిశోధనను పుస్తకంగా వేశారు. ఒక కేసులో చక్కగా ఆలోచించిన డాక్టరు ఇంకో కేసులోనూ అంత చక్కగా ఆలోచిస్తాడని నమ్మకం లేదని అందులో తేలింది. అంటే 'ఆలోచనాశక్తి' అనేది అన్ని తాళాలకూ సరిపోయే ఒకే తాళంచెవి కాదు. గుండెపోటులో దిట్ట అయినవాడు పాముకాటు దగ్గర తడబడవచ్చు. దీని ప్రకారం ఒక్క పెద్ద కేసుతో పరీక్ష పెట్టడం బియ్యం బస్తాలో ఒక్క గింజ నమిలి ధర చెప్పడమే. చిన్న చిన్న కేసులు చాలా పెట్టాలి.

అలా పెట్టే పద్ధతిని 1975లోనే స్కాట్లండులోని డండీలో రొనాల్డ్ హార్డెన్ ప్రకటించాడు. దాన్నే వైద్య విద్యార్థులు 'ఓస్కీ' అని పిలుస్తారు. వరసగా బల్లలు ఉంటాయి. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని, కొద్ది నిమిషాల సమయం. గంట కొడితే తర్వాతి బల్లకు జరగాలి. అందరికీ అవే పనులు, అవే మార్కుల పట్టికలు. ఇక ఏ మార్కు దేనికి ఇవ్వాలన్న చిక్కును కెనడాలో జార్జ్ బోర్డాజ్, గార్డన్ పేజ్ విప్పారు. 1990ల నాటికి అక్కడి జాతీయ పరీక్షలోకి వచ్చిన వారి పద్ధతిలో ప్రతి కేసుకూ 'కీలకమైన మలుపులు' రెండో మూడో గుర్తిస్తారు. ఎక్కడ తప్పితే రోగి చేజారిపోతాడో అక్కడే ప్రశ్న. మిగతా ఎంత బాగా చెప్పినా సున్నా. మా స్నేహితుడి కేసునే అలా రాస్తే మలుపులు మూడు. తెల్లవారుజామున కడుపునొప్పి అన్నవాణ్ణి కింద పడుకున్నావా అని అడగడం, రెప్పలూ ఊపిరీ చూడడం, కాటు గుర్తు కనబడకపోయినా ఆగకపోవడం. రాత్రి ఏం కూర తిన్నాడన్నదానికి మార్కు లేదు.

అమెరికాలో అత్యవసర వైద్యం ప్రత్యేక శాఖగా 1979లో గుర్తింపు పొందింది. మరుసటి ఏడే దాని బోర్డు మొదటి పరీక్ష నిర్వహించింది. దాని మౌఖిక పరీక్షలో పరీక్షాధికారే రోగి అయ్యేవాడు, నర్సు అయ్యేవాడు, కంగారుపడే బంధువు అయ్యేవాడు. ఒక్కోసారి ఒకేసారి ముగ్గురు రోగులను ముందు పెట్టేవాడు. ఎవరిని ముందు చూడాలన్నదే అక్కడ ప్రశ్న. మన దేశంలో వైద్య మండలి 2009లో ఈ శాఖకు ఎండీ కోర్సును గుర్తించింది. 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక కూడా 'ఏం తెలుసు' నుంచి 'ఏం చేయగలడు' వైపు జరిగింది.

ఇదంతా మనకెందుకు అంటారా? 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని పరిశోధకులు అంచనా కట్టారు. అంతకుముందు జరిగిన ఒక అంచనాలో, 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 6,200 మరణాలతో ఉత్తరప్రదేశ్ తర్వాత రెండో స్థానంలో ఉంది. చనిపోయేది ఎక్కువగా పల్లెల్లోనే. బెల్లంకొండ చుట్టూ పత్తి, మిరప చేలలో వంగి పనిచేసేది మన అమ్మానాన్నలే. అందుకే అత్యవసర వైద్యం పరీక్షలకు మచ్చుగా పాముకాటునే తీసుకుంటున్నాం.

ఇక మా శీర్షికలోని ఇరవై నిమిషాల దగ్గరికి వద్దాం. రక్తపింజర విషం రక్తంలో గడ్డకట్టే పదార్థాన్ని ఖర్చు చేసేస్తుంది. ఆ తర్వాత చిగుళ్ల నుంచి, మూత్రంలో, లోపలి అవయవాల్లో రక్తం కారినా ఆగదు. దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. శుభ్రమైన, పొడి, కొత్త గాజు గొట్టంలో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీసి కదలకుండా ఇరవై నిమిషాలు ఉంచుతారు. తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టి ఉంటే సరే, నీళ్లలా జారితే విషం ఎక్కినట్టే. 1970లలో నైజీరియాలో డేవిడ్ వారెల్ బృందం పింజర కాట్ల మీద ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఈనాటికీ మన చికిత్సా మార్గదర్శకాల్లో ఉంది.

ఇంత చిన్న పనిలో పరీక్షకు పనికొచ్చే మలుపులు ఎన్ని ఉన్నాయో చూడండి. బల్ల మీద నాలుగు గొట్టాలు పెట్టి ఉంటాయనుకుందాం. ఒకటి ప్లాస్టిక్కుది. ఒకటి సబ్బుపొడితో కడిగి ఆరబెట్టింది. ఒకటి రక్తం గడ్డకట్టకుండా మందు వేసి ఉన్నది. ఒకటే సరైనది. రక్తం గడ్డకట్టడం మొదలవడానికి గాజు తగలాలి. ప్లాస్టిక్కులోనూ, సబ్బు అంటిన గాజులోనూ ఆరోగ్యవంతుడి రక్తమూ గడ్డకట్టకపోవచ్చు. దాన్ని నమ్మితే విషం ఎక్కనివాడికి అక్కర్లేని మందు ఎక్కిస్తాం. ఇక రెండోది ఓపిక. బంధువులు తలుపు దగ్గర కేకలు వేస్తుంటారు. పది నిమిషాలకే గొట్టం వంచి చూడాలనిపిస్తుంది. వంచితే పరీక్ష చెడిపోయినట్టే. అత్యవసరం అంటే పరుగు అని మనం అనుకుంటాం. ఇక్కడ మాత్రం చేతులు కట్టుకుని నిలబడడమే సరైన పని. అయితే నిలబడాల్సింది గొట్టం దగ్గర. రోగి దగ్గర నాడి, ఊపిరి, రెప్పలు, వాపు చూస్తూనే ఉండాలి. మూడోది ఇంకా గడుసు ప్రశ్న. గొట్టంలో రక్తం చక్కగా గడ్డకట్టింది, కానీ రోగి రెప్పలు వాలుతున్నాయి. ఇప్పుడేం చేస్తావు? గొట్టం బాగుంది గనుక రోగి బాగున్నాడన్నవాడు తప్పాడు. కట్లపాము, నాగుపాము కాట్లలో రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. ఆ విషం పోయేది నరాల దారిన.

మా నర్సింగు మిత్రుడు చెప్పిన ఇంకో ప్రశ్న మాకు అన్నిటికంటే నచ్చింది. పెద్దవాళ్లకు మొదట ఎనిమిది నుంచి పది వయల్స్ విరుగుడు మందు ఇస్తారు. పద్నాలుగు కిలోల పిల్లవాడికి ఎంత? బాగా చదివినవాడు వెంటనే లెక్క వేస్తాడు. పిల్లలకు ఏ మందైనా బరువును బట్టేనని వాడికి తెలుసు గదా! జవాబు అదే పది. పాము పిల్లవాణ్ణి చూసి విషం తగ్గించి కరవలేదు. విరుగుడు కొలిచేది విషానికి, ఒంటికి కాదు. తెలివి తక్కువవాడు కాకుండా తెలివైనవాడే తప్పు చేసే ప్రశ్న ఇది. అలాగే మందు ఎక్కుతుండగా రోగికి ఒళ్లంతా దద్దుర్లు లేచి ఆయాసం వస్తే, మందు ఆపి ముందు తొడ కండరంలో అడ్రినలిన్ ఇవ్వాలి. చేతికి అలవాటైన అలర్జీ ఇంజక్షన్ల వైపు వెళ్లినవాడు నిమిషాలు పోగొట్టుకుంటాడు.

పాముల మాట వచ్చింది గనుక జంతుశాస్త్రం చదువుతున్న చెయ్యి ఊరుకోలేక ఒక ముచ్చట చెబుతోంది. రక్తపింజరను ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అంటారు. ఆ పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉన్న స్కాట్లండు వైద్యుడు. 1796లో అచ్చయిన తన పాముల పుస్తకంలో మనవాళ్లు చెప్పిన తెలుగు పేర్లే రాసుకున్నాడు. కట్లపాము జాతికి శాస్త్రీయ నామమైన 'బంగారస్' మన 'బంగారు' మాటే. ఏది విషసర్పమో, ఏది కాదో తేల్చడానికి ఆయన తాపత్రయపడ్డాడు. నాటుమందులను కూడా నమ్మేయకుండా పరీక్షకు పెట్టాడు.

డిగ్రీలో బీజెడ్సీ చదివే తమ్ముళ్లు కాస్త శ్రద్ధగా చదవాల్సిన భాగం ఇది. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 సేవలు మొదలయ్యాయి. ఆ తర్వాత నిర్వహించే సంస్థలు మారాయిగాని నంబరు మారలేదు. అంబులెన్సులో రోగి పక్కన ఉండే ఈఎంటీ డాక్టరు కానక్కర్లేదు. సైన్సు డిగ్రీ చదివి శిక్షణ పొందిన మనలాంటివాళ్లు ఎందరో ఆ ఉద్యోగంలో ఉన్నారు. మన మిత్రుడికి శిక్షణలో మొదట నేర్పింది గాయం కట్టడం కాదు, బండి దిగగానే చుట్టూ చూడడం. కరెంటు తీగ తెగి పడిందా, వాహనాలు వస్తున్నాయా, పాము ఇంకా అక్కడే ఉందా? అమెరికా జాతీయ ఈఎంటీ రిజిస్ట్రీ పరీక్షా పత్రాల్లో ఈ ఒక్కటీ మరచిపోవడం పెద్ద తప్పుల జాబితాలో ఉంటుంది. మిగతా అంతా చక్కగా చేసినా ఆ ఒక్కదానికి తప్పిస్తారు. మొదట మాకు అన్యాయమనిపించింది. కాపాడటానికి వెళ్లినవాడూ పడిపోతే ఇద్దరికీ ఇంకో బండి కావాలని మిత్రుడు విడమర్చాక ఒప్పుకున్నాం.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. మాలో ఒకడు చదివిన కళాశాలలో ఒక మౌఖిక పరీక్ష జరిగింది. ఏం చేయాలో వాడికి తెలుసు. వరస కూడా తెలుసు. ఇంగ్లీషులో చెప్పడానికి మాటలు కూడదీసుకునే లోపల "తర్వాతి ప్రశ్న" అన్నారు. ధారాళంగా మాట్లాడిన పక్కవాడు చేసిన తప్పు ఆ ధారలో కొట్టుకుపోయింది. మనబోటి మొదటి తరం చదువరులకు ఇది కొత్త కాదు. చేసి చూపించే బల్లల పరీక్షలో ఈ అన్యాయం కొంత తగ్గుతుంది. అడ్రినలిన్ తొడలో పడిందా లేదా అన్నదానికి వ్యాకరణం లేదు. మా మాట వింటే ఇంకో అడుగు ముందుకు వేయాలి. రోగి పాత్ర వేసేవారు మన ఊరి తెలుగులోనే మాట్లాడాలి. "కడుపులో దేవుతోంది", "కళ్లు మూతలు పడతన్నయి సారూ", "నాలిక మొద్దుబారింది" అంటే అర్థం కాని డాక్టరుకు పుస్తకంలోని ఆ లక్షణాల పేర్లన్నీ వచ్చినా పల్నాడులో ఉపయోగం తక్కువ.

ఎంత మంచి పరీక్షయినా ఇరవై నాలుగు గంటల డ్యూటీ తర్వాత తెల్లవారుజామున నాలుగింటికి మనిషి ఎలా ఆలోచిస్తాడో చూపలేదు. వెంటిలేటరు లేనిచోట వెంటిలేటరును పుట్టించనూ లేదు. ఆ సంగతులు మాకు తెలుసు.

మొన్న ఆగస్టులో ఒక ఆదివారం మేం ముగ్గురం హాస్టలుకు వెళ్లి అదే వరండాలో ఆరు బల్లలు వేశాం. భోజనాల గంటే పరీక్ష గంట. ఒక్కో బల్లకు రెండు నిమిషాలు. మొదటి బల్ల దగ్గర 108కి ఫోను చేసి మాట్లాడాలి. తరగతిలో మొదటి ర్యాంకు అబ్బాయి "బెల్లంకొండ, పల్నాడు జిల్లా" అని ఆగిపోయాడు. ఏడో తరగతి చదివే ఒకడు మాత్రం అడ్డరోడ్డు దగ్గర ఎటు తిరగాలో మొదలుపెట్టి, "గేటు దగ్గర మావాడు టార్చిలైటు పట్టుకుని నిలబడి ఉంటాడు" అని ముగించాడు. రెండో బల్ల మీద తాడు, బ్లేడు, రెండు చెక్క బద్దలు, గుడ్డ పెట్టాం. సగానికి పైగా పిల్లల చెయ్యి ముందు తాడు మీదికే పోయింది. బిగించి కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, విరిగిన కాలుకు కట్టినట్టు బద్దలు పెట్టి కదలకుండా ఉంచి బండి ఎక్కించాలి అని అందరికీ మళ్లీ చేసి చూపించాం. ఇంకో బల్ల దగ్గర ఎర్ర రంగునీళ్ల గొట్టం పెట్టి "ముట్టుకోకుండా కూర్చో" అన్నాం. రెండు నిమిషాలు కూడా ఆగలేకపోయారు.

ఆరో బల్ల దగ్గర రోగి వేషం వేసినవాడు ఆ రాత్రి మా పక్కన పడుకున్నవాడే. ఇప్పుడు సత్తెనపల్లి దారిలో సెల్‌ఫోన్ రిపేరు కొట్టు పెట్టుకున్నాడు. పిలవగానే వచ్చాడు. చాప మీద కూర్చుని "కడుపు నొప్పి" అని మాత్రం చెప్పాలి. అడిగితేనే మిగతావి చెప్పాలి. పిల్లలు వరసగా వచ్చారు. ఏం తిన్నావన్నారు, వాము ఇవ్వమన్నారు, సోడా తెమ్మన్నారు. పద్దెనిమిదో వాడో పంతొమ్మిదో వాడో వచ్చి, వాడి ముఖంలోకి చూసి, "అన్నా, రాత్రి కింద పడుకున్నావా?" అని అడిగాడు.

మావాడు చెప్పాల్సిన జవాబు మరచిపోయి మా వైపు చూశాడు. మేం పట్టికలో మార్కు వేసుకుని, గంట కొట్టి తర్వాతివాణ్ణి పిలిచాం.